బోర్ పోయిందా, చోక్ కేబుల్ ఇరుక్కుందా? - మీ బండి ప్రశ్నలు

ప్రశ్న: అన్నా నమస్తే. నాది 2012 మోడల్ 150 సీసీ బండి, కార్బురేటర్‌ది, మా నాన్న వాడి నాకిచ్చారు. రోజూ తెనాలి నుంచి గుంటూరు డ్యూటీకి పోయొస్తా, రానూపోనూ యాభై కిలోమీటర్ల పైనే. వానాకాలం ముందు దాకా లీటరుకి 48, 50 ఇచ్చేది, ఇప్పుడు 32 దాటట్లేదు. ఇంత చలిలో కూడా పొద్దున చోక్ లాగకుండానే టక్కున స్టార్ట్ అవుద్ది, కానీ వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే గుడగుడమని ఆఫ్ అయిపోద్ది, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన. ప్లగ్ రెండుసార్లు మార్చా, మళ్ళీ నల్లగా మసి పడతంది. మెకానిక్కేమో బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) పోయింది, పిస్టన్ కిట్ వెయ్యాలి, ఏడు వేలవుద్ది అంటున్నాడు, మా ఆఫీసులో ఒకాయన ఇథనాల్ పెట్రోల్ వల్లే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తమ్ముడూ, ఆ ఏడు వేలు కొన్నాళ్ళు జేబులోనే ఉంచుకో. చలిలో కూడా చోక్ లాగకుండానే స్టార్ట్ అవుతోంది అన్నావు చూడు, నాకు అసలు సంగతి అక్కడే పట్టుబడింది. చల్లారిన కార్బురేటర్ బండి జనవరి పొద్దున చోక్ అడగాలి, అడగట్లేదంటే చోక్ ఇప్పటికే పడి ఉండాలి, నువ్వు లాగకపోయినా.

ఎలాగంటే, నీ బండిలాంటి వాటిల్లో హ్యాండిల్ మీద లీవర్ లాగితే కేబుల్ వెళ్ళి కార్బురేటర్ పక్కనున్న చిన్న ప్లంజర్‌ని పైకి లేపుతుంది, ఆ దారిన అదనంగా పెట్రోల్ పోతుంది, లీవర్ వదిలేస్తే స్ప్రింగు దాన్ని కిందకి నొక్కి దారి మూసెయ్యాలి. వానాకాలంలో లీవర్ దగ్గర్నుంచి నీళ్ళు కేబుల్ లోపలికి దిగి తుప్పు పడితే లీవర్ వెనక్కొచ్చినట్టే కనపడుతుంది గానీ ప్లంజర్ ఒక మిల్లీమీటరో అరో పైనే ఆగిపోతుంది. అది చాలు. బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి ఉంటే మంట సరిగ్గా సరిపోతుంది, నీ బండి రోజంతా దానికంటే ఎక్కువ పెట్రోల్ తాగుతూ సగం కాలని మసిని ప్లగ్ మీద పోస్తోంది. నువ్వు చెప్పిన నల్ల ప్లగ్, వాసన, వేడెక్కాక ఆగిపోవడం అన్నీ దీనికి సరిపోతున్నాయి.

మెకానిక్ దగ్గరికి పోకముందు ఇంటి దగ్గరే చూసుకో. బండి బాగా వేడెక్కాక స్లోలో పెట్టి చోక్ లాగు. బాగున్న బండి అయితే వెంటనే రేస్ అవడమో, ముక్కుతూ ఆగిపోబోవడమో ఏదో ఒక తేడా చూపిస్తుంది, ఏమీ మారలేదంటే చోక్ ముందే తెరుచుకుని ఉందనే అనుమానించాలి. తర్వాత స్లోలోనే హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పు, శబ్దం మారితే ఏదో ఒక కేబుల్ బిగుసుకుంటోంది, చోక్‌ది కావచ్చు, యాక్సిలరేటర్‌ది కావచ్చు. కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) మార్చినప్పుడో హెడ్‌లైట్ డూమ్ విప్పినప్పుడో కేబుల్‌ని పాత దారిలో కాకుండా అడ్డదిడ్డంగా తోసేస్తారు, అలాంటి పని ఈమధ్య జరిగిందేమో గుర్తు తెచ్చుకో. లీవర్ వదిలేశాక కేబుల్‌లో కొంచెం, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు, లూజ్ ఉండాలి.

విప్పేటప్పుడు ఇంజిన్ చల్లారాలి, పెట్రోల్ కాక్ మూసెయ్యాలి, దగ్గర్లో సిగరెట్లూ అగరొత్తులూ వద్దు. కార్బురేటర్ దగ్గర కేబుల్ పట్టే నట్ చాలా బళ్ళకి ప్లాస్టిక్‌ది, వయసైపోయి పెళుసుగా ఉంటుంది, స్పానర్‌తో బలం చూపిస్తే పుటుక్కుమంటుంది, కొద్దిగా లూజ్ చేసి మిగతాది చేత్తో తిప్పు. స్ప్రింగు ఎగిరి పోకుండా పట్టుకుని ప్లంజర్ బయటికి తీసి దాని కొసన దారి మూసే భాగం అరిగిందా, గీతలు పడ్డాయా చూడు. కేబుల్ లోపలి తీగ చేత్తో లాగితే జారిపోవాలి, గరగరలాడితే పైచివర పాలిథిన్ కవర్ గరాటులా కట్టి ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వేలాడదియ్యి. తీగ పోగులు తెగి ఉంటే మాత్రం ఆయిల్ పెట్టి లాభం లేదు, కొత్తది వేయించెయ్, పెద్ద ఖర్చేం కాదు.

ఇక బోర్ సంగతి. బోర్ పోతే నీలం పొగొస్తుంది, ఆయిల్ తగ్గిపోతుంది, నీ ఉత్తరంలో ఆ రెండూ లేవు. అయితే ఇలాగే నడుపుతూ పోతే కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కింద ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది, అప్పుడు బోర్ నిజంగానే పోతుంది, అందుకే నాకు కంగారుగా ఉంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి వాసన చూడు, పెట్రోల్ కొడితే కేబుల్ బాగయిన రోజే ఆయిల్ కూడా మార్చెయ్.

ఇథనాల్ గురించి ఆఫీసాయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌లోనే పాత టూవీలర్లకి 20 శాతం ఇథనాల్‌తో మైలేజీ 3 నుంచి 4 శాతం పడొచ్చని ఉంది. 50 మీద అది రెండు కిలోమీటర్లు, నీకు పోయింది పద్దెనిమిది.

ప్లంజర్ బాగానే ఉంటే అప్పుడు ఎయిర్ ఫిల్టర్, ఫ్లోట్ లెవెల్ (కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ మట్టం), సెంటర్ స్టాండ్ వేసి చక్రం ఫ్రీగా తిరుగుతోందో లేదో, ఈ వరసలో చూడు. మైలేజీ మాత్రం రిజర్వ్ లెక్కన కాకుండా ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ కొలువు.

ప్రశ్న: నా బండి 2021 మోడల్, చోక్ ఎక్కడా కనపడట్లేదు, పొద్దున్నే సెల్ఫ్ కొడితే లేట్‌గా స్టార్ట్ అవుతోంది.
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని బళ్ళూ కార్బురేటర్ వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయమ్మా, చోక్ పని సెన్సార్ చూసి ఈసీయూనే, అంటే బండిలోని చిన్న కంప్యూటరే, చేసుకుంటుంది. తాళం ఆన్ చేశాక పెట్రోల్ పంపు సన్నగా జుయ్‌మని రెండు మూడు సెకన్లు మోగి ఆగుతుంది, అది ఆగాక యాక్సిలరేటర్ ముట్టుకోకుండా సెల్ఫ్ కొట్టండి. అప్పటికీ లేటయితే ముందు బ్యాటరీ చెక్ చేయించండి.