బయట కొన్న టర్బో పైపు వేస్తే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. 12 లక్షలు పెట్టి టర్బో డీజిల్ కారు కొన్నాను. కంపెనీ వారంటీ అయిపోయాక విడిగా డబ్బు కట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నాను. పోయిన ఏడాది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచే భాగం) వెళ్లే రబ్బరు పైపు చీలి, పికప్ పడిపోయింది. పైపు ఒక్కటే విడిగా రాదని, అసెంబ్లీ మొత్తం మార్చాలని, అది వారంటీలో లేదని సర్వీస్ సెంటర్‌లో 14 వేలు చెప్పారు. ఆన్‌లైన్‌లో 1,800కి సిలికాన్ హోస్, క్లిప్పులు తెప్పించి, వీడియో చూసి నేనే బిగించుకున్నాను. కొన్ని నెలలు బాగానే తిరిగింది. ఇప్పుడు టర్బో పోయింది. 'బయటి పార్టు వేశారు, వారంటీ మొత్తం రద్దు' అని 85 వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఇన్సూరెన్స్ వాళ్లూ రాదన్నారు. బండిలో మార్పులు చేస్తే నేరమని, ఆర్‌సీ కూడా రద్దవుతుందని అక్కడి సూపర్‌వైజర్ భయపెడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. నాకు దారేమిటి?

జవాబు: 'వారంటీ మొత్తం రద్దు' అన్న మాట నిలబడటం కష్టం. 'ఈ టర్బోకి మాత్రం ఇవ్వం' అన్న మాట నిలబడినా నిలబడవచ్చు. మీ కేసు ఈ రెండింటి మధ్య ఉంది.

కార్ల విడిభాగాల వ్యాపారం మీద శంషేర్ కటారియా అనే వినియోగదారుడి ఫిర్యాదుతో మొదలైన కేసులో, వ్యాపారాల్లో పోటీని దెబ్బతీసే పద్ధతులను అరికట్టే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న తీర్పు ఇచ్చింది. 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఆ జరిమానా మీద అప్పీళ్లు నడిచాయి, ఆ గొడవ మనకెందుకు. మనకు పనికొచ్చేది అందులోని ఒక ఆదేశం. బయటి మెకానిక్ దగ్గర పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని గంపగుత్తగా రద్దు చేసే షరతు పెట్టకూడదు. బయట జరిగిన తప్పు పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ నిరాకరించవచ్చు. ఆ ఆదేశం నేరుగా కట్టేసేది ఆ కేసులో ఉన్న కంపెనీలనే. మీ కారు తయారీదారు వాటిలో లేకపోయినా, వినియోగదారుల కమిషన్ ముందు ఈ వాదన గట్టిగా వినిపించవచ్చు.

అయితే మీది ఎక్స్‌టెండెడ్ వారంటీ. అది వేరే ఒప్పందం. చాలాసార్లు దాన్ని ఇచ్చేది కార్ల కంపెనీ కాదు, దాని వెనక ఓ బీమా సంస్థ ఉంటుంది. ఆ పుస్తకంలో మినహాయింపుల పేజీ తీసి చూడండి. 'ఒరిజినల్ కాని భాగం వల్ల కలిగిన నష్టం' అని ఉంటే, వల్ల అన్న మాట మీకు అనుకూలం. 'ఒరిజినల్ కాని భాగం వాడితే' అని మాత్రమే ఉంటే పోరాటం ఎక్కువవుతుంది. అయినా మినహాయింపు తమకు వర్తిస్తుందని చెప్పేవాళ్లే దాన్ని రుజువు చేసుకోవాలి.

ఇక టర్బో ఎందుకు పోయిందన్నది. వినియోగదారుల కమిషన్ ముందు గెలుపోటములు తేలేది ఇక్కడే. సర్వీస్ సెంటర్ ఏం వాదిస్తుందో ముందే ఊహించవచ్చు: హోస్ దగ్గర గాలి లీకైంది, ఇంజిన్‌కి కావాల్సిన ఒత్తిడి అందించడానికి టర్బో హద్దు మీరి తిరిగింది, బేరింగ్ పోయింది. ఇది కొట్టిపారేసే వాదన కాదు. కానీ అలా లీకై ఉంటే చెక్ ఇంజిన్ లైటు వెలగాలి, నల్ల పొగ రావాలి, పికప్ తగ్గాలి. స్కానర్ పెడితే బూస్ట్ (టర్బో అందించే గాలి ఒత్తిడి) తక్కువగా ఉందని చెప్పే పి0299 లాంటి కోడ్ కనిపించే అవకాశం ఎక్కువ. ఆ కోడ్ ఉందా, ఉంటే ఎన్ని కిలోమీటర్ల దగ్గర నమోదైంది? స్కాన్ రిపోర్టు కాగితం రూపంలో అడిగి తీసుకోండి, కోడ్‌లు చెరిపేయకముందే. అందులో లీకు గుర్తులేవీ లేకపోతే వాళ్ల వాదన బాగా పలచబడుతుంది.

రెండో సంగతి. టర్బోలు ఆయిల్ సమస్యతో పోవడం చాలా మామూలు: ఆయిల్ ఆలస్యంగా మార్చడం, ఆయిల్ వచ్చే సన్న గొట్టం పూడుకుపోవడం. ఆయిల్ అందక షాఫ్ట్ అరిగిపోతే మీ హోస్‌కీ దానికీ సంబంధం లేదు. మీ సర్వీసులన్నీ వాళ్ల దగ్గరే సమయానికి జరిగి ఉంటే ఆ బిల్లులే మీ ఆయుధం. బయటి వస్తువేదో లోపలికి పోయి టర్బో రెక్కలు విరిగాయని వాళ్లంటే, మీరు వేసిన పైపు టర్బో తర్వాత ఉందని గుర్తు చేయండి. గాలి అక్కడి నుంచి ఇంటర్‌కూలర్ వైపు పోతుంది. హోస్ లోపలి పొర ఊడితే ఆ ముక్కలు ఇంటర్‌కూలర్‌లో చేరాలి గానీ వెనక్కి టర్బోలోకి రావు. ఎయిర్ ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య పైపు అయి ఉంటే కథ వేరు.

ఇవన్నీ మీరు చెబితే చాలదు. కమిషన్‌కి నిపుణుడి రిపోర్టు కావాలి. కాబట్టి టర్బోని మీరు లేనప్పుడు విప్పనివ్వకండి. ఇప్పటికే విప్పి ఉంటే పాత టర్బో, హోస్, క్లిప్పులు అన్నీ మీ స్వాధీనంలోకి తీసుకుని ఫొటోలతో సీలు చేసి పెట్టండి. లైసెన్సు ఉన్న మోటారు సర్వేయర్‌తోనో, ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చదివిన స్వతంత్ర నిపుణుడితోనో తనిఖీ చేయించి లిఖితపూర్వక రిపోర్టు తీసుకోండి. వస్తువులో లోపం పరీక్ష చేస్తే తప్ప తేలనిదైతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపవచ్చు. ఆ ఫీజు ముందు మీరే కట్టాలి. విజయవాడ ఆటోనగర్‌లో చవగ్గా అవుతుందని ఈలోపే రిపేరు చేయించేసి, పాత సామాను అక్కడే వదిలేశారో, కేసు అక్కడితో సరి.

పాత చీలిన పైపుకి టేపు చుట్టి మళ్లీ తగిలించి, అదే ఉందని చూపమని స్నేహితులెవరైనా సలహా ఇస్తే వినకండి. మీరు బయటి హోస్ వేసిన సంగతి ఇప్పటికే జాబ్ కార్డులోకి ఎక్కి ఉంటుంది. ఉన్న మంచి కేసుని అబద్ధంతో పాడుచేసుకున్నవాళ్లవుతారు.

ఆర్‌సీ భయం అనవసరం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధించేది, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని. 182ఎ(4) కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నమాట నిజమే. కానీ చీలిన గొట్టం స్థానంలో అదే సైజు, అదే దారి గొట్టం వేయడం నా దృష్టిలో మార్పు కాదు, మరమ్మతు. పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టి, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సెట్టింగులు మార్చి రీమ్యాప్ చేయించి, పొగ హద్దు దాటితే అప్పుడు భయపడాలి.

ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పింది మాత్రం సరైనదే. మామూలు పాలసీలో యాంత్రిక వైఫల్యానికి కవరేజీ ఉండదు. ఇంజిన్ రక్షణ యాడ్-ఆన్ తీసుకుని ఉంటే దాని షరతులు చూసుకోండి, లేకపోతే అటు తిరగడం దండగ.

హోస్ అమ్మినవాడి సంగతి. టర్బోకి పనికొస్తుందని, ఆయిల్‌ని తట్టుకుంటుందని ప్రకటించి మామూలు సిలికాన్ పంపి ఉంటే అది తప్పుడు వర్ణన. ఆయిల్ ఆవిరికి మామూలు సిలికాన్ మెత్తబడిపోతుంది. ఆ ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు ఇప్పుడే దాచుకోండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నిపుణుడి రిపోర్టు హోస్‌నే తప్పుపడితే అతన్నీ, కంపెనీతో పాటు, ప్రతివాదిగా చేర్చవచ్చు. కానీ మీరే బిగించుకున్నారు కాబట్టి బిగింపు సరిగా లేదంటాడు. క్లిప్పు పట్టిన చోట హోస్ మీద పడిన అచ్చు ఎలా ఉందో నిపుణుడిని అడిగి రాయించండి.

ముందు చేయాల్సింది: ఎందుకు నిరాకరిస్తున్నారో, ఏ షరతు కింద, ఏ పరీక్ష ఆధారంగానో రాసివ్వమని డీలర్‌కీ కంపెనీకీ ఈమెయిల్ పెట్టండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇచ్చిన సంస్థకు కూడా. 15 రోజుల్లో జవాబు రాకపోతే లీగల్ నోటీసు పంపండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తే కొన్నిసార్లు అక్కడే దారికొస్తారు. అయినా కాకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు నివసించే చోట వేసే హక్కు చట్టం ఇచ్చింది. వారంటీకి కట్టిన మొత్తం లెక్క అయితే 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు, కారు ధరనే లెక్కలోకి తీసుకున్నా 400 రూపాయలు. కొత్త కారు ఇమ్మని మాత్రం అడగకండి. లోపమున్న భాగాన్ని బాగు చేయడం లేదా మార్చడమే వారంటీ బాధ్యత అని సుప్రీంకోర్టు 2006లోనే మారుతి ఉద్యోగ్ కేసులో చెప్పింది. టర్బో మార్పిడి ఖర్చు, నిపుణుడి ఫీజు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. నిరాకరించిన రోజు నుంచి రెండేళ్లలోగా కేసు పడాలి.