స్కూటర్ నుంచి గేర్ల బైక్‌కి మారాను. క్లచ్, గేరు, బ్రేకు అన్నీ కలిసి గందరగోళంగా ఉంది. బండి తీసేముందు రోజూ ఏమేం చూసుకోవాలి?

మీరు అడిగింది రెండు విషయాలు. ఇన్నాళ్లూ గేర్లు లేని స్కూటర్ నడిపారు, ఇప్పుడు బైక్ మీద చేతులూ కాళ్లూ ఒకేసారి ఆడించాలంటే టెన్షన్‌గా ఉంది, అది ఒకటి. బయల్దేరే ముందు రోజూ బండి చెక్ చేయాలా, చేస్తే ఏం చూడాలి అన్నది రెండోది. నేను చాలా ఏళ్లుగా బైక్ నడుపుతున్నాను, మా తమ్ముడికీ మేనకోడలికీ నేర్పింది కూడా నేనే. నన్నడిగితే ఈ రెండిటినీ విడదీయక్కర్లేదు. చెక్ చేస్తున్నంతసేపూ మీ చేతులు క్లచ్, బ్రేకు, స్విచ్‌ల మీదే కదా ఉండేది. కొత్తలో దాన్నే ప్రాక్టీసుగా వాడుకోండి.

ముందు ఎడమచేతి సంగతి. స్కూటర్ నుంచి వచ్చేవాళ్లు గేర్ల గురించి భయపడతారు గానీ అసలు చిక్కు ఇక్కడుంది. స్కూటర్‌లో ఎడమచేతి కింద ఉండేది వెనక బ్రేకు. బైక్‌లో సరిగ్గా అదే చోట క్లచ్ ఉంటుంది. ఎవరైనా అడ్డం వస్తే చెయ్యి ఆలోచించదు, పాత అలవాటు కొద్దీ ఎడమ లివర్ పట్టేస్తుంది. అప్పుడు బండి ఆగకపోగా, ఇంజిన్‌కీ చక్రానికీ లింకు తెగిపోయి, రేస్ వదిలితే వచ్చే ఆ కాస్త పట్టు కూడా లేకుండా ముందుకు దొర్లుకుంటూ పోతుంది. మా మేనకోడలు మొదట్లో ఇలాగే చేసేది. ఖాళీ మైదానంలో నేర్చుకుంటోంది కాబట్టి సరిపోయింది. దానికి నేను చేయించిన పని ఒక్కటే: బండి డబుల్ స్టాండ్ మీద, ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా ఎక్కి కూర్చోబెట్టి, నేను "ఆపు" అనగానే కుడిచేతి బ్రేకూ కుడికాలి బ్రేకూ నొక్కించేవాణ్ణి, వాటి వెంటనే క్లచ్. ఊరికే కబుర్లు చెబుతూ మధ్యలో హఠాత్తుగా అనాలి, లేకపోతే లాభం లేదు. కొన్నాళ్లకి దాని కుడిచెయ్యి తనంతట తనే కదలడం మొదలైంది. మీరూ ఇంట్లో ఎవరినైనా అడిగి చేయించుకోండి.

ఏది ఎక్కడుందో ఒక్కసారి చెప్పేస్తాను. కుడిచేతికి రేసూ ముందు బ్రేకూ, కుడికాలికి వెనక బ్రేకు, ఎడమచేతికి క్లచ్, ఎడమకాలికి గేర్లు. చాలా బైకుల్లో ఫస్ట్ గేరు కిందికి, మిగతావన్నీ పైకి ఉంటాయి. న్యూట్రల్ ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్యలో ఉంటుంది, కాలితో సగమే కదిపితే పడుతుంది. కొన్ని మామూలు బైకుల్లో మాత్రం న్యూట్రల్ మొదట్లోనే ఉండి, గేర్లన్నీ ముందుకు నొక్కుతూ పోవడమే. మీది ఏ రకమో బండితో వచ్చిన పుస్తకంలో చూసుకోండి, పక్కవాణ్ణి అడిగితే వాడి బండిది చెబుతాడు. ఇంకో మాట: బైక్‌లో గేర్లు వరసగానే మారతాయి, నాలుగు నుంచి ఒకటికి నేరుగా దూకలేరు. అందుకని పూర్తిగా ఆగకముందే దించుకుంటూ రావాలి. ఆగిపోయాక గేరు మొరాయిస్తే క్లచ్ పట్టుకునే బండిని కాస్త ముందుకీ వెనక్కీ ఊపండి, పడుతుంది.

ఇక క్లచ్. చదునైన ఖాళీ చోట ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా పట్టి ఫస్ట్ వేయండి. రేస్ ఇవ్వద్దు. రెండు పాదాలూ నేల మీదే ఉంచి, లివర్‌ని మెల్లగా వదులుతూ చెవి ఇంజిన్ మీద పెట్టండి. ఒక చోటికి రాగానే చప్పుడు బరువెక్కుతుంది, బండి ముందుకు వెళ్లాలన్నట్టు చిన్నగా కదులుతుంది. అక్కడ ఆపండి. మళ్లీ పట్టండి. మళ్లీ వదలండి. ఆ చోటు మీ వేళ్లకి తెలిసేదాకా ఇదే పని, బండి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. బండి ఎగిరిపడి ఆఫ్ అయిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఆ చోటు దాటేటప్పుడు లివర్ టప్పున వదిలేయడం. అది తెలిశాక కాస్త రేస్ కలపడం నేర్చుకోవచ్చు. "హాఫ్ క్లచ్‌లో, అంటే లివర్ సగం పట్టి నడిపితే ప్లేట్లు అరిగిపోతాయి" అని మిమ్మల్ని చాలామంది భయపెడతారు. దారంతా అలా నడిపితే నిజమే. అయితే చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే తడిసి ఉంటాయి, ఇరుకులో మెల్లగా తిప్పడానికి కాసేపు వాడితే ఏమీ కాదు. నేర్చుకునేవాళ్లని ఈ మాటతో బెదరగొట్టడం నాకు నచ్చదు.

బ్రేకుల విషయంలో ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతామని భయం ఉంటుంది. నిజానికి బండిని ఎక్కువగా ఆపేది అదే, ఎందుకంటే బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ప్రమాదం ఒక్కసారిగా గుంజి పట్టడంలో ఉంది. మొదట మెత్తగా పట్టి, బరువు ముందుకు వచ్చాక గట్టిగా నొక్కాలి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడో, ఇసుక ఉన్నచోటో మాత్రం దాని జోలికి పోకుండా మెల్లగా వెనక బ్రేకుతో ఆపుకోండి. నిదానంగా మలుపు తిరుగుతూ ముందు బ్రేకు పట్టి పడిపోయినవాళ్లని చాలామందిని చూశాను. కుడి మణికట్టు కూడా చూసుకోండి, గ్రిప్ పట్టుకున్నప్పుడు అది కాస్త కిందికే ఉండాలి. పైకి లేచి ఉంటే గతుకులో చెయ్యి జారగానే తెలియకుండా రేస్ పెరిగిపోతుంది.

ఇప్పుడు చెకింగ్. అమెరికాలో మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ అనే సంస్థ శిక్షణలో టీ-క్లాక్స్ అనే వరస నేర్పుతారు: టైర్లు, కంట్రోల్స్, లైట్లు, ఆయిల్, ఛాసిస్, స్టాండ్లు. మంచి వరసే. కానీ రోజూ అంత చేయమంటే మీరు వారం తిరక్కుండానే మానేస్తారు. అందుకని నేను బండి బయటికి తీయడంలోనే కలిపేసుకున్నాను.

బండిని ఎక్కి కూర్చుని కాకుండా పక్కన నిలబడి తోసుకుంటూ బయటికి తీస్తాను. చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, టైరంతా కనబడుతుంది. ఒకసారి ఇలాగే వెనక టైరు గాడిలో చిన్న మెరుపు కనిపించింది. రాయేమో అనుకుని వంగి చూస్తే స్క్రూ తల, చుట్టూ రబ్బరు అరిగి నున్నగా అయిపోయింది. గాలి ఇంకా దిగలేదు. అలాంటిది కనిపిస్తే అక్కడికక్కడ పీకేయకండి, పంక్చర్ వేసేవాళ్ల దగ్గరే తీయించండి. గాలి మాత్రం టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, కాసేపు నడిపాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో చాలా బండ్లకి చైన్ కవరు మీదో, వెనక చక్రం దగ్గరో స్టిక్కర్ ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకి ఎంతుండాలో అందులోనే విడిగా రాసి ఉంటుంది. టైరు పక్కన DOT అనే ఇంగ్లీషు అక్షరాల తర్వాత చివర్లో నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. సెకండ్ హ్యాండ్ బండి అయితే అది తప్పక చూడండి, గాళ్లు బాగానే ఉన్నా రబ్బరు ముసలిదై ఉండొచ్చు.

బ్రేకు లివర్ పట్టుకుంటే గట్టిగా తగలాలి. స్పాంజి నొక్కినట్టు మెత్తగా లోపలికి పోతోందంటే డిస్క్ బ్రేకు లైన్‌లో గాలి చేరిందనో, ఆయిల్ కారుతోందనో అనుమానించాలి. హ్యాండిల్ మీది చిన్న డబ్బా కిటికీలో ఆయిల్ మట్టం కనిపిస్తుంది, కింది గీత దాటి దిగకూడదు. క్లచ్ లివర్‌కి పట్టు తగలకముందు కొంచెం ఖాళీ ఆట, అంటే వదులుగా కదిలే చోటు ఉండాలి. ఆ ఆట మారితే మీరు కష్టపడి నేర్చుకున్న ఆ చోటు కూడా జరుగుతుంది. సర్వీసు చేయించిన రోజు బండి కొత్తగా అనిపించేది అందుకే.

సర్వీసు అంటే గుర్తొచ్చింది. రేస్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి, హ్యాండిల్ ఎటు తిప్పి ఉన్నా సరే. ఒకసారి కొత్త రేస్ కేబుల్ వేసి ఇచ్చిన బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పాను. చెయ్యి తాకకుండానే ఇంజిన్ గుయ్యిమని లేచింది. కేబుల్‌ని తప్పు దారిలో లాగారు, తిప్పినప్పుడల్లా అది బిగుసుకుని రేస్ ఇచ్చేస్తోంది. నేరుగా నడిపితే తెలిసేది కాదు, మొదటి మలుపులో తెలిసేది. అప్పటికప్పుడు విప్పించి సరిచేయించాను. మెకానిక్ చేతి నుంచి వచ్చిన బండికి ఈ పరీక్ష ప్రతిసారీ చేయండి.

లైట్లలో అందరూ వదిలేసేది బ్రేక్ లైట్. చేతి బ్రేకుకీ కాలి బ్రేకుకీ వేర్వేరు స్విచ్‌లు ఉంటాయి, ఒకటి పనిచేసినంత మాత్రాన రెండోది పనిచేస్తుందని కాదు. వెనక గోడ ఉంటే దాని మీద ఎర్ర వెలుగు పడుతుంది, చూసుకోవచ్చు. ఇండికేటర్లు, హారన్ నొక్కి చూడటానికి క్షణం పట్టదు.

చైన్, ఇంజిన్ ఆయిల్ రోజూ అక్కర్లేదు, వారానికోసారి చాలు. చైన్ కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే చాలా బండ్లలో రెండు మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి, మీ బండికి ఎంతో పుస్తకంలో ఉంటుంది. బాగా బిగించడం మంచిదనుకోకండి, మనిషి కూర్చుంటే అది ఇంకా బిగుస్తుంది. చక్రం తిరుగుతుండగా చైన్ దగ్గరికి వేలు తీసుకెళ్లవద్దు, ఇంజిన్ ఆఫ్ చేశాకే. ఆయిల్ మట్టం చూసేటప్పుడు బండి నిటారుగా ఉండాలి. సైడ్ స్టాండ్ మీద వాలి ఉంటే తప్పు చూపిస్తుంది.

బండి స్టార్ట్ కావట్లేదని నాకు ఫోన్లు చేసేవాళ్లలో సగం మందికి కిల్ స్విచ్ (ఇంజిన్‌ని ఆపేసే స్విచ్) ఆఫ్‌లో ఉంటుంది, లేదా సైడ్ స్టాండ్ దించి గేరు వేస్తుంటారు. మెకానిక్‌ని పిలిచే ముందు ఆ రెండూ చూడండి. స్టాండ్ దించి ఉంటే ఇంజిన్ ఆపేసే సెన్సర్ లేని పాత బండి అయితే అది తీశారో లేదో మరీ జాగ్రత్త, దించి ఉన్న స్టాండ్ మలుపులో నేలకి తగిలి బండిని పడేస్తుంది.

కదిలాక మొదటి కొన్ని అడుగుల్లోనే, వేగం అందుకోకముందే, ముందు బ్రేకు ఒకసారి, వెనక బ్రేకు ఒకసారి విడివిడిగా వేసి చూడండి. ఏబీఎస్ ఉన్న బండి అయితే తాళం తిప్పగానే వెలిగిన ఆ లైటు బండి కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే మామూలు బ్రేకులు పనిచేస్తాయి గానీ చక్రం పట్టేయకుండా ఆపే సాయం ఉండదు, ఆ లెక్కన నెమ్మదిగా వెళ్లి చూపించుకోండి. రెండిట్లో ఏ బ్రేకు తేడాగా అనిపించినా మాత్రం ఆ రోజు బండి ఇంటి దగ్గరే వదిలేయండి.