పెద్ద చేపలేవీ కనబడకపోతే స్కూబా డైవింగ్‌లో ఏముంది?

మూడు డైవ్‌లు చేశానని, ఒక్క తాబేలు కూడా కనబడలేదని, జనం ఇంత ఖర్చు పెట్టుకుని మళ్లీ మళ్లీ ఎందుకు దిగుతారో అర్థం కాలేదని రాశారు. మొదట్లో నాదీ అదే పరిస్థితి. వీడియోల్లో చూసిన వేల్ షార్కులూ మాంటా రేలూ నాకోసమే ఎదురుచూస్తుంటాయన్నట్టు దిగాను. కనబడినవల్లా ముందు ఈదుతున్నవాళ్ల ఫిన్స్ (కాళ్లకు తొడుక్కునే తెడ్లు), నా బుడగలు. మాస్క్‌లోకి నీళ్లొస్తాయేమోనని ఒకటే టెన్షన్. ట్యాంక్‌లో గాలి ఒత్తిడి 200 బార్‌తో దిగితే, ఇక పైకి బయల్దేరాల్సిన 50కి అందరికంటే ముందు నాదే వచ్చేసేది. నాతోపాటు మా బడ్డీ, అంటే జంటగా దిగే తోడు కూడా మధ్యలోనే పైకి రావాల్సి వచ్చేది. పాపం, తను ఒక్క మాటా అనలేదు.

ఎనిమిదో తొమ్మిదో డైవ్‌లో అనుకుంటా, నాకు మొదటిసారి పట్టు దొరికింది. అప్పటిదాకా మునుగుతుంటే తేలడానికి వేసుకునే జాకెట్‌లోకి గాలి కొట్టడం, తేలిపోతుంటే వదలడం, ఇదే పని. ఆ రోజు ఇసుకకు మూరెడు ఎత్తులో ఊరికే ఆగి, నిదానంగా ఊపిరి పీల్చాను. కాసేపటికి ఒళ్లు దానంతటదే జానెడు పైకి లేచింది. వదిలాను, మళ్లీ జానెడు కిందికి దిగింది. చేతులు ఆడించలేదు, కాళ్లు ఆడించలేదు. ఆ డైవ్‌లో నేను చూసింది ఇసుకే, కానీ పైకొచ్చాక రోజంతా అదే తలుచుకున్నాను. (ఇది ఊపిరి బిగబట్టి చేసే పని మాత్రం కాదు. 10 మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది, అందుకే నీళ్లలో ఊపిరి ఆపకూడదన్నది మొదటి పాఠం.)

ఒకచోట కదలకుండా ఉండటం వచ్చాకే అక్కడ కాపురం ఉంటున్నవాళ్లు కనబడటం మొదలైంది. నాకు బాగా ఇష్టమైనది ఒక జంట. గోబీ అని వేలెడంత చేప, దానితో ఒకే బొరియలో ఉండే రొయ్య. రొయ్యకు చూపు సరిగ్గా ఆనదు, కానీ తవ్వడంలో దిట్ట. చేపకు తవ్వడం రాదు, కళ్లు చురుకు. రొయ్య పంజాలతో ఇసుక నెట్టుకుంటూ బయటికి వచ్చి పోసి వెళుతుంది. బయట ఉన్నంతసేపూ ఒక మీసం చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. చేప తోక చిన్నగా ఆడించిందా, రొయ్య లోపలికి పరుగు. నేను మొదటిసారి ఆత్రంగా దగ్గరికి జరిగితే రెండూ మాయం. అక్కడే ఉండిపోయాను. రెండు మూడు నిమిషాలకు ముందు చేప తల వచ్చింది, తర్వాత ఒక మీసం, ఆ తర్వాత తనకంటే పెద్ద గవ్వముక్కను నెట్టుకుంటూ రొయ్య. సంతోషం పట్టలేక బడ్డీ వైపు తిరిగి బొటనవేలు పైకెత్తాను. నీళ్లలో దాని అర్థం 'పైకి పోదాం' అని. తను కంగారుగా నన్ను పట్టుకుని పైకి బయల్దేరింది! ఆపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ గొడవలోనే వెనకనుంచి సొరచేప ఒకటి వెళ్లిందట. నేను చూడలేదు. కొంచెం బాధగానే ఉంది, అబద్ధమెందుకు.

చెవులు కూడా రిక్కించి చూడండి. పగడాల దగ్గర ఎండుటాకులు కాలుతున్నట్టు ఎప్పుడూ చిటపట వినిపిస్తుంటుంది. పంజా టక్కున మూసి చప్పుడు చేసే చిన్న రొయ్యల పని అది. నీళ్లలో శబ్దం గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళుతుంది, అందుకే ఎటునుంచి వస్తోందో పోల్చుకోలేం. టార్చ్ ఒకటి ఉంటే ఇంకో సరదా. లోతుకు వెళ్లేకొద్దీ ముందు ఎరుపే పోతుంది, అంతా నీలి బూడిదరంగులో ఉంటుంది. పాలిపోయినట్టున్న రాతిమీద వెలుగు వేస్తే అక్కడ నెత్తురంత ఎర్రటి స్పాంజి!

చివర్లో పైకొచ్చేముందు జాగ్రత్త కోసం 5 మీటర్ల లోతు దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం కదా, చాలామంది ఆ సమయమంతా చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్‌లో సెకన్లు లెక్కపెడుతుంటారు. ఒకసారి తల పైకెత్తండి. నాకోసారి అప్పుడే పైన వాన మొదలైంది. చినుకు పడిన ప్రతిచోటా నీటి పైకప్పుమీద వెండి గుండీ కుట్టినట్టు మెరిసి పోతోంది. చప్పుడు మాత్రం సన్నగా, ఇసుక జల్లించినట్టు. ఆ మూడు నిమిషాలు ఎప్పుడైపోయాయో తెలియలేదు.

ఈసారి దిగేముందు గైడ్‌కు చెప్పండి, ఎక్కువ దూరం తిప్పొద్దని. ఎనిమిది, పది మీటర్ల లోతు చాలు, వెలుతురూ బాగుంటుంది, గాలీ ఎక్కువసేపు వస్తుంది. ఒక రాతి దగ్గర పది నిమిషాలు ఆగండి. దేన్నీ ముట్టుకోకండి, ఫిన్స్‌తో ఇసుక లేపకండి. అన్నట్టు, ఏదైనా బాగా నచ్చితే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించండి. బొటనవేలు మాత్రం ఎత్తకండి.