సర్ రౌండ్స్‌లో ప్రశ్నలు అడగడం మానేశారు

ప్రశ్న: జనరల్ మెడిసిన్ పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. నిరుడు మా యూనిట్ చీఫ్ ప్రతి బెడ్ దగ్గరా ఆగి, మాతో పరీక్ష చేయించి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవారు. ఇప్పుడు కేస్ షీట్ చూసి ‘సేమ్ ట్రీట్‌మెంట్’ అని కదిలిపోతున్నారు. మేం చూసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్‌లో సంతకాలన్నీ నెలాఖరుకే. చిన్న తప్పుకీ ఇంటర్న్‌ల మీద విరుచుకుపడుతున్నారు. ఇది బర్నౌటేనా? మా చదువు సంగతేంటి?
– ఒక పీజీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీరు రాసినవి బర్నౌట్ లక్షణాల్లాగే ఉన్నాయి కానీ, ఉత్తరం చూసి తేల్చేయలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 దీన్ని జబ్బుల్లో చేర్చలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. గుర్తులు మూడు: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, ‘నేను చేస్తున్నదాంట్లో పస లేదు’ అన్న భావన. సెలవుల్లోనూ మనసు తేలికపడక, రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి తప్పి, ఇష్టమైనవి కూడా రుచించకపోతే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు సైకియాట్రిస్టుకు చూపించాల్సిందే.

అలసిన టీచర్ ముందుగా మానేసేది ప్రశ్నలే. ఓపీ ఆగదు, వార్డు ఆగదు, ఆరోగ్యశ్రీ తరహా పథకాల ఆమోదాలకు కాగితాలు ఆగవు, ఇంటర్నల్ మార్కులూ ఆగవు. బెడ్ దగ్గర పాఠం ఆగిపోతే మాత్రం ఆ రోజు ఎవరికీ తెలియదు. మందుల మోతాదులు పుస్తకంలో దొరుకుతాయి. ఆయాసంతో వచ్చిన మనిషి మెడ నరం ఉబ్బు చూసి ‘గుండెదే’ అని ధైర్యంగా అనడం మాత్రం ఎవరో అడిగితేనే అలవాటవుతుంది. పైగా మీరు రేపు ఇంటర్న్‌లకు నేర్పేది కూడా ‘సేమ్ ట్రీట్‌మెంటే’ అవుతుంది.

సర్‌ని రౌండ్ మొత్తం నేర్పమనకండి. కొత్త రోగులను మీ యూనిట్ చేర్చుకునే అడ్మిషన్ డే మర్నాడు అసలే వద్దు; ఆయనకూ నిద్ర ఉండదు, మీకూ ఉండదు. మిగతా రోజుల్లో ఒక్క కేసు, ఐదు నిమిషాలు చాలు. వైద్యవిద్యలో ‘వన్ మినిట్ ప్రిసెప్టర్’ అనే పద్ధతి ఇందుకే ఉంది. ముందు మీరే ‘సర్, ఇది గుండె ఫెయిల్యూర్ అనుకుంటున్నాను’ అని తేల్చి చెప్పండి. ఆధారాలు చెప్పండి: రెండు ఊపిరితిత్తుల అడుగున క్రెప్స్ (స్టెతస్కోప్‌లో వినిపించే చిటపట శబ్దాలు), కాళ్లకు నొక్కితే గుంటపడే వాపు. ఆపైన సర్ పని మూడు మాటలే: ఒక సూత్రం, ఒప్పు ఏది, తప్పు ఏది. ‘సర్, ఏంటిది?’ అని మొదలెడితే ఆయన జవాబు చెప్పేసి వెళ్లిపోతారు, మీ ఆలోచన అక్కడే ఉండిపోతుంది.

లాగ్‌బుక్ ఆ కేసు దగ్గరే తెరిచి, అక్కడే సంతకం తీసుకోండి. నెలాఖరు సంతకం హాజరుకు పనికొస్తుంది, మీ తప్పు దిద్దదు.

‘సర్, మీకు బర్నౌట్’ అని ఆయన ముఖాన అనొద్దు. కేకల విషయం యూనిట్‌లోని అసోసియేట్ ప్రొఫెసర్‌కు విడిగా చెప్పండి. కాగితాల పని యూనిట్‌లో పంచుకోవచ్చేమో కూడా ఆయన్నే అడగండి. సర్‌కైనా, మీకైనా గుంభనంగా మాట్లాడుకోవాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రిపూటా పలుకుతారు.