ఇసుకలో దొరికిన జీవి కొత్త జాతి అని ఎలా తేలుస్తారు?

ప్రశ్న: తమిళనాడులోని మండపం తీరంలో దొరికిన ఒక నీటి ఎలుగుబంటికి చంద్రయాన్ పేరు పెట్టారని చదివాను. కంటికి ఆనని జీవి కొత్త జాతిదని ఎలా నిర్ణయిస్తారు? అది రోదసిలోనూ బతుకుతుందన్నది నిజమేనా?

జవాబు: మీరు చదివినది బాటిల్లిపెస్ చంద్రయానీ అనే సముద్రపు టార్డిగ్రేడ్ (నీటి ఎలుగుబంటి) గురించి. దీన్ని కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. పొడవు సుమారు 0.15 మిల్లీమీటర్లు. ఇదే విశ్వవిద్యాలయ బృందం 2023లో అదే తీరం నుంచి వర్ణించిన మరో జాతికి అబ్దుల్ కలాం పేరిట బాటిల్లిపెస్ కలామీ అని పేరు పెట్టింది. ఆయన పుట్టిన రామేశ్వరం మండపానికి వంతెన అవతలే కనుక, రెండింటిలో ఆ పేరే మరింత తగినదని నాకనిపిస్తుంది.

ఈ జీవులు ఇసుక రేణువుల నడుమ ఉండే నీటిలో, కాలివేళ్ల చివర ఉన్న బిళ్లలతో రేణువులను కరుచుకొని బతుకుతాయి. సేకరించిన ఇసుకను కొద్దిసేపు మంచినీటిలో ఉంచితే, లవణ సాంద్రత ఒక్కసారిగా పడిపోవడంతో అవి పట్టు వదులుతాయి. అప్పుడు నీటిని సన్నని జల్లెడలో వడగట్టి, మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద వెదుకుతారు. దొరకడం సులువైన భాగమే. తల ఆకారం, దాని మీది స్పర్శాంగాల పొడవు, కాళ్ల మీది ముళ్లు, వేళ్ల పొడవుల నిష్పత్తి, శరీరం వెనుక కొన ఎలా ముగుస్తుంది అన్నవాటిని ఒక్కొక్కటిగా కొలిచి, బాటిల్లిపెస్ అనే ఆ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) అప్పటికే తెలిసిన దాదాపు 40 జాతుల వర్ణనలతో పోల్చాలి. ఒకే జీవిని చూసి తీర్పు చెప్పడం ప్రమాదకరం, ఎందుకంటే పిల్లదశలో వేళ్ల సంఖ్యే పెద్దవాటికంటే తక్కువగా ఉంటుంది కనుక ఎదగని జీవిని కొత్త జాతిగా పొరబడవచ్చు. చంద్రయానీ విషయంలో సమలంబ చతుర్భుజాన్ని పోలిన తల, కాళ్ల మీది మొనదేలిన ముళ్లు ప్రధాన ఆధారాలయ్యాయి.

తేడా స్థిరపడ్డాక ఒక జీవిని ఆ పేరుకు ఆధారమైన మూల నమూనాగా ఎంచి, గాజు పలకపై భద్రపరచి, వర్ణనను పటాలతో, కొలతలతో ప్రచురించాలి. మూల నమూనాను పేర్కొనకుండా పేరు ప్రకటిస్తే అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ఇప్పుడు దాన్ని అంగీకరించదు.

ఇక రోదసి సంగతి. 2007లో ఐరోపా ప్రయోగంలో రోదసి శూన్యాన్ని తట్టుకొన్నవి నేలపై జీవించే జాతులు. అవి కూడా ఎండి, జీవక్రియలు దాదాపు నిలిచిపోయిన స్థితిలోనే వెళ్లాయి. ఆటుపోట్ల మధ్య ఆరుతూ తడుస్తూ ఉండే కొన్నింటిని మినహాయిస్తే, సముద్రపు టార్డిగ్రేడ్లలో చాలావాటికి అలా ఎండి బతికే శక్తి లేదు.