వాటర్ పోలో: అబ్బాయికి సరే, అమ్మాయికి ఎందుకు అంటున్నారా?

ప్రశ్న: మాది కావలి. అబ్బాయి ఇంటర్ ఫస్టియర్, అమ్మాయి తొమ్మిదో తరగతి. నెల్లూరులో మా అక్క వాళ్లింట్లో ఉండి చదువుకుంటున్నారు. అక్కడే ఈత నేర్చుకుని, ఇప్పుడు ఇద్దరూ వాటర్ పోలో ఆడతామంటున్నారు. అబ్బాయికి స్పోర్ట్స్ కోటా పనికొస్తుందని ఒప్పుకున్నాను. ఆడపిల్లకి ఇంత మొరటు ఆట ఎందుకని ఇంట్లో గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, అబ్బాయికి కోటా అన్నారు, అమ్మాయికి వద్దన్నారు. ఆ రెండూ మీ కారణాలే. పిల్లలు ఎందుకు ఆడదామనుకుంటున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నా దృష్టిలో తేల్చుకోవాల్సింది అదే.

నీళ్లలో ఈదుతూ బంతిని ఎదుటి జట్టు గోల్‌లోకి విసిరే ఈ ఆట చాలా కష్టమైనది. జట్టుకి గోలీతో (గోల్‌కీపర్‌తో) కలిపి ఏడుగురు, ఎనిమిదేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. గోలీ తప్ప మిగతావాళ్లు కాలు అడుగున ఆనించకూడదు, రెండు చేతులతో బంతి పట్టకూడదు. కూర్చున్నట్టుగా ఉండి రెండు కాళ్లూ గుండ్రంగా తిప్పుతూ తేలుతుండాలి. పైగా నీళ్ల కింద గుంజులాట! క్రికెట్‌లా చప్పట్లు కొట్టే జనం ఉండరు, డబ్బూ లేదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో మన జట్టు బంగారు పతకం గెలిచిన సంగతి ఎంతమందికి గుర్తుంది? అందుకే లోపలి నుంచి ఇష్టం లేని పిల్లలు ఇందులో ఎక్కువ కాలం నిలవరు.

ఆ ఇష్టం ఎక్కడ పుడుతుంది? డెసీ, రయాన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషికి మూడు కావాలంటారు: తనంతట తాను ఎంచుకున్నానన్న భావన, చేతనవుతోందన్న నమ్మకం, నావాళ్లున్నారన్న ధీమా. ఒక్కడే అటూ ఇటూ ఈదీ ఈదీ విసుగెత్తిన పిల్లలకి ఈ ఆటలో జట్టు దొరుకుతుంది. అబ్బాయిలు గెలుపు కోసం, అమ్మాయిలు స్నేహితుల కోసం ఆడతారని చాలామంది అంటారు. నేను దాన్ని నమ్మను. గోల్ కొట్టాలని పళ్లు బిగించే అమ్మాయిలుంటారు, తోటివాళ్ల కోసమే వచ్చే అబ్బాయిలూ ఉంటారు.

ఒలింపిక్స్‌లో మగవాళ్ల వాటర్ పోలో 1900లో మొదలైతే, ఆడవాళ్లకి 2000లో సిడ్నీలో గానీ చోటు దక్కలేదు. ఆ ఫైనల్లో చివరి క్షణాల్లో వేసిన గోల్‌తో ఆస్ట్రేలియా అమ్మాయిలు అమెరికాని 4-3తో ఓడించారు. వందేళ్లు ఆగాల్సి వచ్చింది ఇష్టం లేక కాదు, అవకాశం ఇవ్వక.

మీ అమ్మాయి విషయంలో నాకు భయం ఆట మొరటుతనం గురించి కాదు. ఎండకి నల్లబడుతుందనీ, ఆ డ్రెస్ ఏంటనీ బంధువులు అనే మాటలే పిల్లని కుంగదీస్తాయి. వాటికి మీరు అడ్డుపడాలి. నెలసరి రోజుల్లో మొహమాటం లేకుండా చెప్పుకోగలిగే మనిషి, బట్టలు మార్చుకునే గది ఉన్నాయో లేదో వెళ్లి చూడండి. పూల్ మూసిన రోజుల్లో ప్రాక్టీస్ పేరుతో ఇద్దరినీ కాలవల్లోకి, పెన్నలోకి మాత్రం దిగనివ్వకండి.

కోటా సంగతి కూడా చెప్తాను. రైల్వేస్, సర్వీసెస్ (సైనిక దళాలు) జట్లు ఈ ఆట ఆడతాయి కాబట్టి దారి లేకపోలేదు. కానీ ప్రతి నోటిఫికేషన్‌లోనూ వాటర్ పోలో పేరుందో లేదో, ఏ స్థాయి సర్టిఫికెట్ అడిగారో చూసుకోవాలి. అది దొరికితే మంచిదే. దాన్నే నమ్ముకుని అబ్బాయి మీద టెన్షన్ పెడితే ఆటా పోతుంది, ఎంపీసీ మార్కులూ పోతాయి.

ఈ ఆదివారం నెల్లూరు వెళ్లి ఇద్దరినీ విడివిడిగా అడగండి: "సర్టిఫికెట్ రాదంటే కూడా ఆడతావా?" అమ్మాయి అవునని, అబ్బాయి కాదని అంటే, ఫీజు అమ్మాయికి కట్టండి.