మూడో భాగం రాసిన అమ్మాయికి

చిరంజీవి రచయిత్రికి,

నీ దయ్యం నవల మూడో భాగం రాత్రి చదివి ముగించాను. పొద్దున లేచినా కోపం తగ్గలేదు. ఫోన్ చేస్తే అరుస్తానని ఉత్తరం రాస్తున్నా.

మొదటి భాగంలో నువ్వే కదా బిడ్డా చెప్పింది? ఏలేశ్వరం ఊరు నాగార్జునసాగర్ నీళ్లలో మునిగినప్పుడు చచ్చి దయ్యమైన పిల్లగాడు, ఆ ఊరి గడప దాటి తప్ప ఏ ఇంట్లోకీ రాలేడని. నానమ్మ ముంపు ఊరు వదిలేటప్పుడు ఎడ్లబండి మీద వేసుకొచ్చిన టేకు దర్వాజ ఒక్కటే వాడికి దారి. దేవరకొండలో కట్టుకున్న కొత్తింటి గోడకు అది సరిపోక, పక్కన ఇటుక ముక్కలు పేర్చి సిమెంటు పూశారని రాశావు చూడు, అక్కడ నాకు గొంతు పట్టేసింది. 1955లో సాగర్‌కు శంకుస్థాపన అయింది మొదలు ఊరు ఖాళీ అయ్యేదాకా పెద్దవాళ్ల గుబులు కూడా బాగానే పట్టుకున్నావు.

మరి ఆ దర్వాజ తగలబడ్డ నాలుగు పేజీలకే వాడు కిటికీలోంచి ఎట్ల దూకాడు? ఎవరో సాధువు తాయెత్తు కట్టాడట. మొదటి రెండు భాగాల్లో ఆ సాధువు ఎక్కడ పడుకున్నాడు? దయ్యాన్ని జనం ఇట్టే నమ్ముతారు, మాట తప్పిన రచయితనే నమ్మరు. మొదటి పుస్తకంలో చేసిన అప్పు ఆఖరి పుస్తకంలో తీర్చాల్సిందే. అప్పటికప్పుడు కొత్త శక్తులు పుట్టించి ఎగ్గొడితే ఊరుకోను.

చదివేది పదహారేళ్ల పిల్లలు, ఆ పిల్లగాణ్నీ, వాణ్ని ప్రేమించిన పిల్లనూ కలపకపోతే తిడతారని నీ టెన్షన్. ఈ పాట నాకు పాతదే. ఒక వారపత్రికలో నా సీరియల్ నడిచేటప్పుడు ఆఖరి వారం నాయికను చంపాను. పాఠకులు ఒప్పుకోరని సంపాదకుడు తనే ఒక పేజీ రాసి ఆమెను లేపి కూర్చోబెట్టాడు, నాకు చెప్పనైనా చెప్పలేదు. గడియారం సెంటర్‌లో టీ తాగుతుంటే ఒకాయన, "చచ్చినామె ఎట్ల లేచింది సార్?" అన్నాడు. ఏం చెప్పను? మా తెలంగాణ భాషను దిద్దే పని చాలక, చావులను కూడా దిద్దేవాళ్లు ఆ పెద్దమనుషులు.

ఇంకోటి. పానగల్లు ఛాయా సోమేశ్వరం సీన్ ఎనిమిది లైన్లలో ఎందుకు తేల్చేశావు? నీ పిల్లగాడికి నీడ లేదు. కందూరు చోళుల నాటి ఆ గుడిలో లింగం మీద పగలంతా కదలని నీడ ఉంది. అది ఏ ఒక్క స్తంభానిదీ కాదు, వేర్వేరు దిక్కుల వెలుతురూ కొన్ని స్తంభాలూ కలిసి చేసే పని. ఇలాంటి చోటుకు తీసుకొచ్చి ఇద్దరి చేత సెల్ఫీ దింపుతావా? ఆ నీడ తనదేమోనని వాడు చెయ్యి కదిపి చూడొద్దా? అది కదలకపోతే పిల్ల మొహం ఎట్ల అయ్యిందో నాకు కావాలి. దర్వాజ కాలిపోయాక వాడికి మిగిలింది ఆ మండపమే. గుడి ఇల్లు కాదు కాబట్టి నీ నియమమూ చెడదు. ఆమెకు ఇరవై వస్తాయి, ముప్ఫై వస్తాయి, వాడు పదిహేడులోనే ఉంటాడు. దాన్ని రాయి, భయపడకు.

నాలుగో భాగానికి దారి వదలమని ఎవరో సలహా ఇచ్చారన్నావు. వదలకు. సాధువును మొత్తం కొట్టేయి.

తిరగరాశాక ప్రింట్ తీసి పంపు. ఫోన్‌లో పీడీఎఫ్ చదవడం నా వల్ల కాదు. అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు.

ఆశీస్సులతో,
నల్లగొండ నుంచి మీ సార్